గట్టు మీద పోసిన గుర్రపుడెక్క

ఈ ఉదయం మైకు కట్టిన ఆటో ఒకటి మా వీధిలోంచి వెళ్ళింది. వచ్చే వారం కాలువలు కట్టేస్తారట. మళ్ళీ గోదావరి నీళ్ళు వదిలేదాకా మంచినీళ్ళ చెరువే దిక్కు కాబట్టి కుళాయి నీళ్ళు పొదుపుగా వాడుకోమని చెప్పుకుంటూ పోయింది. ఆటో మలుపు తిరిగాక కూడా అరుగు మీద అలాగే కూచున్నాను. చేతిలో ఉన్న కాఫీ తాగాను. అది చల్లారిపోయిందని గ్లాసు కింద పెట్టాకగాని తెలియలేదు.

ఆ చెరువు విషయంలో ఈ ఊళ్ళో నాకున్నంత పేరు ఇంకెవరికీ లేదు. చెరువు నిండా చాప పరిచినట్టు కమ్మేసిన గుర్రపుడెక్కని ఒక్క రోజులో, ఒక్క మొక్క మిగలకుండా, నడుం లోతు నీళ్ళలో దిగి నేనొక్కణ్ణే లాగి పారేశాను. పేపర్లో ఫొటో కూడా పడింది.

సరే, కొంచెం తగ్గించి చెబుతాను. ఒక్క రోజు కాదు, నాలుగు రోజులు. నేనొక్కణ్ణీ కాదు, నలభై మంది కూలీలూ ఒక పొక్లెయినూ. నేను గట్టు మీద గొడుగు కింద కుర్చీ వేయించుకుని మజ్జిగ అందరికీ అందుతోందో లేదో చూశాను. ఫొటో తీసే అబ్బాయి వచ్చినప్పుడు పంచె ఎగగట్టి నీళ్ళలో దిగిన మాట మాత్రం నిజం. చేతిలో కర్ర, పక్కనున్న కూలావిడ దగ్గర అడిగి పుచ్చుకున్నది. నడుం లోతు అన్నానా? చీలమండలు తడిశాయి.

అప్పట్లో ఊరి నీళ్ళ కమిటీకి నేనే పెద్దని. కొవ్వూరు రోడ్డు మీద మా నాన్న పెట్టిన ఎరువుల కొట్టు నాది. చెరువు పక్కనే ఇసక పోసిన ఫిల్టరు బెడ్లుండేవి. వాటికి ఆపరేటరు మా ఆవిడ తమ్ముడు. పదిహేనేళ్ళుగా టెంపరరీ. రోజూ పొద్దున్నే ఒక గాజు గ్లాసుతో చెరువు నీళ్ళు ముంచి, ఆకాశం వైపు ఎత్తి చూసి, పెళ్ళివారింట్లో పప్పు వాసన చూసినట్టు వాసన చూసేవాడు. "ఇవాళ నీళ్ళు బడలికగా ఉన్నాయి బావగారూ" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. నీళ్ళకి బడలికేంటోయ్, కాస్త హార్లిక్స్ కలుపు అనేవాణ్ణి.

డెక్క తీయించేముందు అతను మా కొట్టు దగ్గరికి వచ్చాడు. యూరియా బస్తా మీద కూచుని చెప్పాడు. చేలల్లోంచి జారిన ఎరువూ, చేపల చెరువులవాళ్ళు వదిలిన నీళ్ళూ అన్నీ కాలువలో కలిసే మన చెరువులోకి వస్తున్నాయనీ, ఆ బలం తాగే డెక్క అంతలా పెరుగుతోందనీ, నీళ్ళని ఊపిరాడకుండా కప్పేస్తోంది కాబట్టి తీయాల్సిందేననీ అన్నాడు. "అయితే అంతా ఒక్కసారి తియ్యకండి బావగారూ. ఇది లేకపోతే ఆ బలమంతా నాచు తాగుద్ది. సగం ఉంచండి. తీసింది మాత్రం గట్టు మీద పొయ్యకండి, దూరంగా తోలించెయ్యండి. కుళ్ళిందంటే తాగిందంతా మళ్ళీ నీళ్ళలోకే కక్కుద్ది."

ఏ మొక్క ఏం తింటుందో రైతులకి రోజంతా చెప్పి బస్తాలమ్మే మనిషిని నేను. నాకు చెప్పొచ్చాడే అనుకున్నాను. సగం చెరువుకి ఫొటో ఎవడు తీస్తాడు? మొత్తం తీయించాను. గట్టు పొడుగునా, లోపలి వాలు మీదే పోయించాను. కుళ్ళితే నా కొబ్బరి మొక్కలకి పనికొస్తుందన్న ఆశ కూడా ఒక మూల ఉంది.

ఆ వారమే కాలువలు కట్టేశారు. మే నెలలో రెండు గాలివానలు పడ్డాయి. కుప్పల్లోంచి కషాయం లాంటి నీరు చెరువులోకి దిగింది. పైన నీడ లేదు, ఎండ తిన్నగా అడుగుదాకా. పది రోజుల్లో చెరువు గోరింటాకు రుబ్బి కలిపినట్టయింది. తెల్లవారుజామున చేపలు మూతులు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకునేవి, పొద్దెక్కేసరికి తెల్లటి పొట్టలు తేలేవి. ఫిల్టరు ఇసక మీద నాచు అట్ట కట్టేది. అతను పూటకోసారి గోకి, పటిక పెంచి, బ్లీచింగు పెంచి, ఆ బెడ్ల దగ్గరే అన్నం తిన్నాడు. కుళాయిల్లో వాసన పోలేదు. రెండు వీధుల్లో పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి.

బడి వరండాలో మీటింగు పెట్టారు. ఆపరేటరుని తీసేయాలన్నారు. అతను నావైపు చూశాడు. డెక్క గురించి అతను ముందే చెప్పిన సంగతి తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. నేను నేలకేసి చూస్తూ నోరు మెదపకుండా కూచున్నాను. సిగ్గనిపించిందా అంటే, లేదు. ఏమీ అనిపించలేదు. కాలి కింద గచ్చు చల్లగా ఉందని గుర్తు, అంతే. మర్నాడు అతను బెడ్ల తాళాలు మా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు తునిలో ఒక లాడ్జిలో నీళ్ళ మోటారు వేసే పనిలో ఉన్నాడు. అక్కకి ఫోను చేస్తాడు, నేనుండగా మా ఇంటి గడప తొక్కడు. పదకొండేళ్ళయింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఏదో ఒకటి పుట్టుకొచ్చి గుచ్చుతుందనుకున్నాను. ఏమీ రాలేదు. రోజులు అవతలికి పోయాయి, నేను ఇక్కడే కూచున్నాను.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ గోంగూర ఆకు తుంపుతూ విన్నది. చేతులు ఆపలేదు, తలెత్తలేదు.

"నోరు మెదపకుండా కూచున్నానని రాశారేంటండీ? ముందు లేచింది మీరే. పటిక సరిగ్గా వెయ్యట్లేదు, వీణ్ణి తీసెయ్యండన్నది మీరే. ఆడవాళ్ళ వరసలో నేనూ ఉన్నాను."