నైరుతి బరువు

మా అక్క మొగుడు, అంటే మా బావ, కువైట్‌లో ఒక అరబ్బు సేటు దగ్గర పదకొండేళ్ళు డ్రైవరుగా చేశాడు. చలికాలం వస్తే ఆ సేటు కుటుంబం ఎడారిలో మకాం పెట్టేది. మకాం అంటే గుడారాలు కాదు, చక్రాల మీద కట్టిన గది. అందులో మంచం, నిలువుటద్దం, బాత్రూము, ఏసీ. ఆ గదిని పెద్ద కారు వెనక తగిలించి ఇసకలోకి లాక్కెళ్ళడం మా బావ ఉద్యోగం. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద కొత్తపేట వచ్చినప్పుడు ఆ గది గురించి గంటలు గంటలు చెప్పేవాడు. పెళ్ళాం గురించి ఎవరి దగ్గరైనా అందులో పావు వంతు చెప్పాడా అని నాకు అనుమానం.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక సెలవులో ఆయనకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా వైపు పెళ్ళిళ్ళలో సగం గొడవలు మగపెళ్ళివారి విడిది దగ్గరే పుడతాయి. ఫ్యాను తిరగలేదని ఒకరు అలుగుతారు, బాత్రూములో బొద్దింక కనపడిందని ఇంకొకరు అలుగుతారు, పెళ్ళికొడుకు మేనత్తయితే కారణం లేకుండానే అలుగుతుంది. అలాంటిది విడిదే చక్రాల మీద వచ్చి ఆడపెళ్ళివారి గుమ్మం ముందు ఆగితే? ముమ్మిడివరం నుంచి ఆలమూరు దాకా ముహూర్తాల రోజుల్లో తనకి కాలు నిలవదని బావ లెక్క. ఇది నడిస్తే కువైట్ మానేస్తాడు. నడవకపోతే నెలాఖరుకి విమానం ఎక్కాలి. సేటు అప్పటికే రెండుసార్లు ఫోను చేయించాడు. అక్కకి పెళ్ళై పన్నెండేళ్ళు. మొగుడితో గడిపిన రోజులన్నీ కలిపితే నిండా రెండేళ్ళు రావు. అందుకే ఆ చక్రాల విడిది నడవాలని దానికున్నంత ఆశ బావకి కూడా లేదు.

కారు హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసినది. నల్లటిది, లోపలికి ఎక్కాలంటే కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవాల్సినంత ఎత్తు. గదిని కొత్తపేటలోనే ట్రాక్టరు ట్రక్కులు కట్టే షెడ్డులో కట్టించారు. ఆ షెడ్డు మేస్త్రి జన్మలో అలాంటి వస్తువు చూడలేదు గానీ, ఆ మాట ఒప్పుకునే రకం కాదు. "ఆయ్, మనం కట్టనిదేవుందండీ!" అన్నాడు. ధాన్యం తోలే ట్రక్కుకి ఎంత మందం రేకు వేస్తాడో దీనికీ అంతే వేశాడు. లోపల పడుకునేది పెళ్ళికొడుకే గానీ ధాన్యం బస్తాలు కావని ఆయనకి ఎవరూ గుర్తు చేయలేదు.

ఇక వాస్తు. ఆ రోజుల్లో మా జిల్లాలో వాస్తు జ్వరం ముదిరి ఉంది. నిక్షేపంలాంటి ఇళ్ళకి గుమ్మాలు పీకేసి ఇంకో పక్క పెట్టుకునేవారు. అక్క ఇంటికి వాయవ్యం పెరిగిందనీ, అందుకే ఇంటాయన పరదేశం పట్టుకు తిరుగుతున్నాడనీ ఒక సిద్ధాంతిగారు చెప్తే, అది వంటింటి గోడ కొట్టించేసింది. మరుసటి సెలవుకి వచ్చిన మొగుడు మామూలుగానే రెండు నెలలుండి వెళ్ళిపోయాడు. అయినా సిద్ధాంతిగారి మీద నమ్మకం పోలేదు. ఈసారి ఆయన్ని షెడ్డుకే తీసుకొచ్చింది.

"ఊరంతా తిరిగేదానికి తూర్పెక్కడండీ?" అని అడిగాను. నవ్వాపుకోవడం కష్టమైంది.

ఆయన తొణకలేదు. "బండి ఎటు ముఖం పెట్టి నడిస్తే అదే తూర్పమ్మా" అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. ఆ లెక్క ప్రకారం గది ముందు భాగంలో ఎడమ మూల ఈశాన్యం. అక్కడ పూచికపుల్ల బరువుండకూడదు. వెనక కుడి మూల నైరుతి. బరువంతా అక్కడే ఉండాలి, అప్పుడే ఇంటి యజమాని కదలకుండా ఉంటాడు. అలా జనరేటరు, ఇనప బీరువా, నీళ్ళ ట్యాంకు మూడూ వెనక కుడి మూలకి చేరాయి. మేస్త్రి ఒక్క ప్రశ్న వేయకుండా అక్కడే వెల్డింగ్ చేసేశాడు. బావ పక్కనే నిలబడి చూశాడు, నోరు మెదపలేదు.

ఇంత అయ్యాక అసలు సంగతి ఎవరికో తట్టింది: ఆ కారు ఈ గదిని లాగగలదా? తేల్చాల్సిన భారం నా నెత్తిన పడింది. నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని. జీవితంలో మోపెడ్ తప్ప ఏమీ నడపలేదు, దాన్నీ రెండుసార్లు మురిక్కాలవలోకి తోలాను. అయినా బావ నన్ను "మేడంగారూ" అని పిలిచి మరీ గౌరవించేవాడు. "మీరు లెక్కేసి చెప్పండి మేడంగారూ. మీరు లాగుద్దంటే లాగుద్దంతే" అన్నాడు.

ఆదివారం వెళ్ళేసరికి అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చెయ్యి పట్టుకుంది. "లాగుద్దని చెప్పవే. ఆయనకి నీ మాటంటే గురి" అంది. ఫిజిక్స్‌లో అలాంటి లెక్క లేదు.

సరే, లెక్క నిజాయితీగానే వేశాను. గదిని ట్రాక్టరుకి కట్టి రైసుమిల్లు కాటాకి తీసుకెళ్ళి తూయించాం. కారు ఇంజను బలం పుస్తకంలో చూశాను. గట్టు ఎక్కేటప్పుడు ఎంత బలం కావాలో కాగితం రెండు వైపులా వేశాను. లాగుతుంది, ఇంకా బలం మిగులుతుంది కూడా. తర్వాత గదిని కారుకి తగిలించి చుట్టూ తిరిగి చూశాం. కారు వెనక భాగం కిందికి దిగలేదు సరికదా, బెత్తెడు పైకి లేచింది.

"చూసేరా! కారు మీద బరువే పళ్ళేదండి!" అని మేస్త్రి చప్పట్లు కొట్టాడు. అందరం సంబరపడ్డాం. నేనూ పడ్డాను. ఒక కొసని బరువు పెడితే రెండో కొస పైకి లేస్తుందని తొమ్మిదేళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తున్నదాన్ని. ఆ బొమ్మ ఇనప గది అయి ఎదురుగా నిలబడితే పోల్చుకోలేకపోయాను. "లాగుతుంది" అన్నాను. అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. మేస్త్రి టీలు తెప్పించాడు.

మర్నాడు ఉదయం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పలివెల వైపు కాలవ రోడ్డు మీద బయల్దేరదీశాం. కారులో బావ ఒక్కడే. నేనూ అక్కా వెనక ఆటోలో. ఊరు దాటేదాకా గది బుద్ధిగా నడిచింది. రోడ్డు ఖాళీగా కనపడగానే బావ కొంచెం వేగం పెంచాడు. అప్పుడు గది వెనక భాగం మెల్లిగా ఎడమకి ఊగింది. తర్వాత కుడికి. ప్రతి ఊపూ అంతకు ముందు దానికంటే పెద్దదైంది. కారు గదిని లాగడం పోయి గదే కారుని ఈడ్చడం మొదలైంది. బావ బ్రేకు వేసినట్టున్నాడు, గది వెనకనుంచి తోసేసింది. కారు రోడ్డుకి అడ్డం తిరిగి గట్టు మీంచి కాలవ వైపు జారింది. గది ఒక కొబ్బరిచెట్టుకి కొట్టుకుని ఇరుక్కుపోబట్టి కారు ఆగింది. కారు ముందు చక్రాలు నీళ్ళ మీద గాల్లో ఉన్నాయి.

ఆటో ఆగకముందే అక్క దూకేసింది. చెప్పు ఒకటి ఊడిపోయినా చూసుకోలేదు. అది అలా పరుగెత్తడం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. నేను మాత్రం ఆటోలోనే ఉండిపోయాను. లాగుతుందని చెప్పింది నేను.

బావ వెనక సీటు మీంచి పాకి, వెనక తలుపు తోసుకుని బయటికొచ్చాడు. మోచెయ్యి గీరుకుపోయింది, చొక్కా నిండా గట్టు బురద. అంతే. వచ్చీ రాగానే అన్న మాట: "ఏం పర్లేదండి. బరువు ముందుకి మార్చేస్తే సరిపోద్ది."

అప్పటికి నేనూ దిగాను. నాకు ఒళ్ళు మండిపోయింది. "ముందుండాలని మీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలవకేమండీ, పదకొండేళ్ళు లాగేను. అక్కడ బరువంతా ముందే పెడతాం."

"మరి షెడ్డులో ఆ మాట అనడానికి నోటికేమొచ్చింది?"

బావ అక్క వైపు చూశాడు. "నైరుతి తేలికైతే నేను మళ్ళీ వెళ్ళిపోతానని ఆవిడ భయపడిందండి. నేను జాగ్రత్తగా ఉంటే మెల్లిగా తోలుకోవచ్చులే అనుకున్నాను. కాదనలేకపోయేను."

ఇద్దరినీ కలిపి నాలుగు తిట్టాలని నోరు తెరిచాను. చదువుకున్న గాడిదని నేను పక్కనుండగా వాళ్ళని తిట్టడమెందుకు?

"చెప్పండి మేడంగారూ" అన్నాడు బావ. "మార్చి కట్టిస్తే వెళ్ళుద్దా, వెళ్ళదా?"

ఈసారి కాగితం అక్కర్లేకపోయింది. బరువు ముందుకి మారిస్తే ఊగడం చాలావరకు తగ్గుతుంది. కానీ అంత మందం రేకు గదికి సొంతంగా బ్రేకు లేదు. కారు దాన్ని లాగుతుంది, అందులో అనుమానం లేదు. ఆపగలదా అన్నది నేను ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. పదిసార్లు క్షేమంగా వెళ్ళి రావచ్చు. పదకొండోసారి వానలో, వంతెన దిగేటప్పుడు ఏమవుతుందో ఎవరు చెప్తారు? వెళ్ళదంటే అక్కకి మొగుడు లేడు. వెళ్తుందంటే ఏదో ఒక రోజు అసలే లేకపోవచ్చు. నేను అక్క మొహం వైపు చూశాను.

"దాన్నడక్కండి" అంది అక్క. "మీరు కువైట్ వెళ్ళిపోండి. అక్కడుంటే శుక్రవారం శుక్రవారం ఫోనన్నా వస్తుంది."

ఆ మాట అంటున్నంతసేపూ బురద చొక్కాని రెండు చేతులా పట్టుకునే ఉంది.