కంచరగాడిద నటుడి కథ రాసింది నేనే

అరవైల్లో అబిడ్స్‌లో ఆదివారం పొద్దున కౌబాయ్ సినిమాలు ఆడేవి. జనమంతా హీరో కోసం వచ్చేవాళ్లు. నేను మాత్రం హీరో పక్కనుండే గడ్డం ముసలాయన కోసం వెళ్లేవాణ్ణి. హీరోకి తెల్ల గుర్రం, ఈయనకి కంచరగాడిద. బురదలో పడేదీ, హీరోకి తగలాల్సిన దెబ్బ తినేదీ ఈయనే.

ఆట వదలగానే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల ముందు చతికిలబడి, అమెరికా సినిమా పత్రికల్లో ఆయన కబుర్లు వెతికేవాణ్ణి. ఏడేళ్లు వెతికాను. జీనులు కుట్టేవాడి కొడుకట, అయినా గుర్రాలంటే చచ్చేంత భయమట. అందుకే కంచరగాడిదనిచ్చారట. నలుగురు హీరోలు మారినా ఈయన పక్కనే ఉన్నాడు, పోస్టర్ మీద పేరు మాత్రం ఎప్పుడూ అట్టడుగునే. చివరికి వేషాలు లేక, సంతల్లో జనంతో ఫొటోలు దిగి పొట్టపోసుకున్నాడట. ఆ ముక్క చదివి నాంపల్లిలో నా అద్దెగదిలో ఏడ్చాను. ఆయన బతుకు రాయాలనిపించింది, రాశాను.

నాది సర్కారు గుమాస్తా ఉద్యోగం. పత్రికలో పేరు పడాలంటే పై ఆఫీసరు అనుమతి కావాలి. మా ఆఫీసులో రాసే జబ్బున్నవాళ్లంతా పెళ్లాం పేరో బామ్మర్ది పేరో పెట్టి గట్టెక్కేవాళ్లు. నాకా పెళ్లి కాలేదు. అందుకని నాతో సినిమాలకొచ్చే స్నేహితుడి పేరు పెట్టాను.

"జర ఫికర్ జెయ్యకురా. పుస్తకం అచ్చయిననాడు నీ పేరే పెడ్తం. నాకెందుకు గీ పేరు?" అన్నాడు వాడు ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ. సొంత తమ్ముడికంటే ఎక్కువ నమ్మాను.

వారపత్రికలో ఇరవై వారాలు వచ్చింది. పాఠకుల ఉత్తరాలు వాడి పేరుకే వచ్చేవి. మొదట్లో తెచ్చేవాడు, ఇద్దరం చదివి నవ్వుకునేవాళ్లం. తర్వాత "ఇంట్ల ఉన్నయ్‌రా, తెస్త" అనేవాడు. ఆ తర్వాత ఆ మాటా మానేశాడు. అడిగితే బాగుండదని నోరు మూసుకున్నాను.

ఈలోగా ఏడాదిపాటు ఆఫీసరు చుట్టూ తిరిగి అనుమతి కాగితం సంపాదించాను. పుస్తకం అచ్చుకు వెళ్లిందని తెలిసి, నా పేరు వేయించావా అని వాణ్ణి అడిగాను. "సభల అందరి ముంగట చెప్తరా, ఆగు" అన్నాడు. పుస్తకావిష్కరణ సభ నాంపల్లిలోనే. కొత్త చొక్కా వేసుకుని, కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాను.

గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలు. అట్ట మీద వాడి పేరు. పేజీలన్నీ తిప్పాను, నా పేరు ఎక్కడా లేదు. అయినా సభలో చెప్తానన్నాడు కదా అని మూడో వరుసలో కూర్చున్నాను. అంత వెర్రివాణ్ణి.

శాలువా కప్పించుకుని వాడు మైకు అందుకున్నాడు. "గీ పుస్తకం నా ఒక్కని కష్టం కాదు. నా దోస్తు ఒకడు గాడ మూడో వరుసల కూసున్నడు. వాని దస్తూరి ముత్యాలోలె ఉంటది. నేను చెప్తుంటె రాసిపెట్టిండు. చప్పట్లు కొట్టున్రి!"

హాలంతా నావైపు తిరిగి చప్పట్లు కొట్టింది. ఒళ్లు మండిపోయింది. అబద్ధమని అరవడానికే లేచాను. లేచి, రెండు చేతులూ జోడించి నాలుగు దిక్కులా నమస్కారం పెట్టి కూర్చున్నాను.

వాడు చేసింది ద్రోహం, ఇప్పటికీ క్షమించలేదు. కానీ రాత్రీపగలూ నన్ను కాల్చుకుతినేది మాత్రం ఆ నమస్కారమే.