అక్క గది ఉష్ణోగ్రతలు

నలభై ఏళ్ళుగా ఇంటి ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను నోటుపుస్తకంలో రాస్తున్నాను. బడిలో భౌతికశాస్త్రం బోధించిన రోజుల్లో అంటిన అలవాటు అది. అందువల్లనే నిరుడు మే నెలలో, చంద్రగిరిలోని మా మిద్దెలో అక్క మరణించినప్పుడు, ఆమె చివరి మూడు రోజులకు నా దగ్గర పూటపూటకూ లెక్క మిగిలింది. చివరిరోజున వచ్చిన వైద్యుడు నాడి చూశాడు. థర్మామీటరును సంచిలోంచి తీయనేలేదు. "వయసైపోయింది సార్, ఇంక అంతే" అని వెళ్ళిపోయాడు. ఆ మాటను నేను క్షమించలేదు. జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. దానికి, అక్క పోయింది వయసు వల్ల కాదు, ఒళ్ళు వేడెక్కి అని రుజువు కావాలి.

ఆ రుజువు అక్క కూతురి దగ్గర దొరుకుతుందనుకున్నాను. ఆమె తిరుపతిలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, మనిషి ఒళ్ళు తన వేడిని ఎలా అదుపులో ఉంచుకుంటుందో కంప్యూటరులో లెక్కగట్టే పరిశోధన చేస్తోంది. ఆ లెక్కలో మనిషికి ముఖం ఉండదు. లోపలి అవయవాలు, కండ, కొవ్వు, చర్మం, అన్నీ పొరలు. రక్తం వేడిని పైకి మోసుకొస్తుంది, చెమట దాన్ని గాలికి వదులుతుంది. వయసు మళ్ళితే ఆ రెండూ మందగిస్తాయట.

ఒక ఆదివారం ఉదయం నోటుపుస్తకం ఆమె ముందుంచాను.

"ఇది అమ్మ లెక్క గదా మామా," అన్నది. కాసేపు దాన్ని ముట్టుకోలేదు. "సరే, నువ్వు సదువు. నేను కంప్యూటర్లో కొడతాను."

గది ముప్పై ఎనిమిది డిగ్రీలు అని చదివాను.

"కిటికీలు?"

"మూసినాను. వడగాలి కొడతా ఉండె."

"ఏమి కప్పుకోనుండె?"

"దుప్పటి."

"మే నెల్లోనా! ఫ్యానన్నా తిరగతా ఉండిందా?"

ఆ జవాబూ పుటలో ఉంది. 'మధ్యాహ్నం రెండు. అక్కకు చలి. ఫ్యాను ఆపాను.' మూడు రోజులూ అదే వాక్యం. "సలి పెడతా ఉండాదబ్బా, ఆ ఫ్యాను ఆపు. రాసుకునేదానికి నీకు గాలి గావల్లంటే బయట కూసో, పో," అని అక్క కసిరింది. నవ్వి ఆపాను. గది వేడిని రోజుకు మూడుసార్లు రాసిన నేను ఆమె ఒంటి వేడిని ఒక్కసారీ రాయలేదు. థర్మామీటరు బీరువాలోనే ఉంది.

"నేనే ఆపినాను," అన్నాను.

ఆమె అంకెలు కొట్టింది. తెర మీద ఒంటి వేడి గీత మొదటిరోజు మెల్లగా ఎక్కింది. రెండోరోజు మధ్యాహ్నానికి నలభై దాటింది.

"దుప్పటి తీసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, ఫ్యాను పెట్టినట్టు ఇంకొకసారి చూడు."

"వద్దులే మామా."

"చూడు."

ఈసారి గీత పెద్దగా లేవలేదు. ఆమె తెర మూసేసింది.

"ఇది అమ్మ కాదు, ఉత్త లెక్క. లోపల జరమేమన్నా ఉండిందేమో, దీనికేం తెలుసు? ముసిలోళ్ళకు ఒళ్ళు కాగేది తెలీదు. ఆపమన్నది అమ్మే గదా, నేనున్నా ఆపేదాన్నే."

అది నన్ను ఓదార్చడానికి అన్న మాట. ఈ విద్యలో ఇన్నేళ్ళు గడిపిన మనిషి ఆపి ఉండేది కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

వైద్యుడిపై నా ఆగ్రహం తగ్గలేదు. చూడవలసినది చూడకపోవడం తప్పే. అయితే ఫిర్యాదును మొదటి నుంచి తిరగరాశాను. మొదటి పేరాలో కిటికీలు మూసినవాణ్ణి, ఫ్యాను ఆపినవాణ్ణి, ఒంటి వేడి చూడనివాణ్ణి నేనని రాశాను. వైద్యుడు రెండో పేరాలోకి వెళ్ళాడు. కూతురిగా సంతకం చేయమని మరుసటి ఆదివారం ఆమెకిచ్చాను.

"మొదటి పేరా తీసెయ్ మామా."

"తీసేస్తే రెండోది అబద్ధమవుతాది."

ఆమె సంతకం చేయలేదు. కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, నేను అడగలేదు. ఆదివారాలు మాత్రం తప్పకుండా వస్తుంది. వచ్చీ రాగానే థర్మామీటరు నా నోట్లో పెట్టి, గడియారం చూసి, ఆ అంకెను నా నోటుపుస్తకంలో తానే రాస్తుంది.