ఫోనులో వినబడని సాంచాలు

మా కంపెనీ న్యాయ విభాగంలో ఉన్నది ఇద్దరమే: వకీల్ సాబ్, నేను. మూడో సభ్యుడి లెక్కన ఒక టేబుల్ ఫ్యాను ఉండేది. ఇద్దరి వాదనా సమానంగా వినేది అదొక్కటే. ఆఫీసు కరీంనగర్‌లో. విత్తనాలు, ఎరువులు నిల్వ చేసి అమ్మే కంపెనీ కాబట్టి ఇచ్చోడ నుంచి ధర్మపురి దాకా ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఒక గోదాము అద్దెకు కావలసి వచ్చేది. ఆ అద్దె కాగితాలన్నీ మా టేబుల్ మీదుగానే పోవాలి. పోయేవి, కాకపోతే నడిచి పోయేవి. "లీగలోల్ల చేతిల పడితే పెండ్లి కుదురుతది గని ముహూర్తం దొరకది" అని బ్రాంచీల్లో మా మీద ఒక మాట ఉండేది. అన్యాయమైన మాట అనలేను.

ఆలస్యానికి కారణం వకీల్ సాబ్ ఫోను. ఆయన జిల్లా కోర్టులో చాలా కాలం ప్రాక్టీసు చేసి, గుండెకు ఆపరేషన్ అయ్యాక కంపెనీలో చేరిన పెద్దాయన. ఏ బ్రాంచి మేనేజరైనా కొత్త గోదాము చూశానంటే ఆయన ఒకటే చెప్పేవారు: "ఆఫీసుల కూసోని కాదు, గా షెడ్డు కాడ నిలవడి ఫోన్ చెయ్." చేశాక కూడా వెంటనే పనిలోకి దిగేవారు కాదు. వానలు పడ్డాయా, పిల్లకు కాలేజీలో సీటొచ్చిందా, మోకాలి నొప్పి ఎట్లున్నది, ఇవన్నీ అయ్యేవి. ఒకసారి ధర్మపురి నుంచి వచ్చిన ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "గంట చప్పుడు శాన దగ్గర ఇనవడుతున్నది. జర అడుగు, అది దేవుని మాన్యం కాదు గద" అన్నారు. అడిగితే దేవుని మాన్యమే. దేవుడితో కోర్టుకెక్కే పని తప్పింది.

హైదరాబాదులోని పెద్దాఫీసుకు ఈ పద్ధతి నచ్చలేదు. కోడింగ్ రానివాళ్లు కూడా తెర మీద పెట్టెలు జరిపి తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. బ్రాంచీవాళ్లు ప్రశ్నలకు జవాబులు నొక్కుతారు, ఒప్పందం దానంతటదే బయటికి వస్తుంది, మమ్మల్ని అడగనక్కర లేదు. ఆ పెట్టెలు జరిపే పని నాకిచ్చారు. నేను చదివింది లా. యంత్రాలతో నా పరిచయం మిక్సీ దగ్గర ఆగిపోయింది. అయినా పట్టుబడింది. ప్రశ్న ఒక పెట్టె, జవాబు ఒక పెట్టె, మధ్యన బాణం. వకీల్ సాబ్ పక్కన కూర్చుని, ఆయన ఫోనులో ఏమేం అడుగుతారో ఒక్కొక్కటే పెట్టెలోకి ఎక్కించాను.

"నా తలకాయను డబ్బాలల్ల సదురుతున్నవా బేటా?" అన్నారాయన.

"ముఖ్యమైనవే సార్."

"మోకాలి నొప్పి పెట్టినవా?"

"అది అవసరం లేదు సార్."

"గట్లనా," అని చాయ్ తాగారు.

షెడ్డులో ఇప్పుడు ఇంకెవరైనా పని చేసుకుంటున్నారా అన్న ప్రశ్నకు మూడు జవాబులు పెట్టాను: ఉన్నారు, లేరు, తెలియదు. లేరు అని నొక్కితే పచ్చ రంగు వెలిగి ఒప్పందం వచ్చేస్తుంది. మిగతా రెండింటిలో ఏది నొక్కినా కాగితం ఆగిపోయి వకీల్ సాబ్ కంప్యూటరుకు వస్తుంది. చూడడానికి గట్టిగానే ఉంది. తాళం వేసినవాళ్లకు తాళం ఎప్పుడూ గట్టిగానే కనిపిస్తుంది.

పని మొదలయ్యాక మా ఫోను మోగడం మానేసింది. ఒప్పందాలు చకచకా తయారయ్యాయి. ఒక్కరు కూడా తెలియదు అని నొక్కలేదు. మా బ్రాంచీల్లో ఇంత తెలిసినవాళ్లు ఉన్నారని మాకు అప్పటిదాకా తెలియదు. పెద్దాఫీసు మెచ్చుకుంటూ ఒక మెయిల్ పంపింది. వకీల్ సాబ్ రోజంతా పేపరు చదివేవారు, టెండరు ప్రకటనలతో సహా.

రోహిణి కార్తె ఎండలో ఒక మధ్యాహ్నం ఒకాయన మా గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. చొక్కా మీద నూలు పోగులున్నాయి. సిరిసిల్ల దారిలో ఒక చిన్న ఊరు ఆయనది. అక్కడ ఒక షెడ్డులో వెనక సగం అద్దెకు తీసుకుని నాలుగు సాంచాలు నడుపుకుంటున్నాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు, సొంత సాంచాలున్నవాణ్ని ఆసామి అంటారు. ఆసామి అన్నంత మాత్రాన ఏమీ మిగలదు, కూలీల పక్కన ఆయన కూడా నేస్తాడు. షెడ్డు మాట మీద నడిచేది. కాగితం ఎవరూ రాసుకోలేదు, ఎవరికీ అవసరం పడలేదు.

"నెలాఖరుకు ఖాళీ చెయ్యాల్నట మేడం," అన్నాడు. "ఎందుకే అని ఓనర్ను అడిగితే, మొత్తం షెడ్డుకు కంపెనీతోని కాయితం అయిపోయింది, నా చేతిల ఏం లేదంటుండు. మరి ఎవలి చేతిల ఉన్నదంటే, కరీంనగర్ల లీగలోల్లట."

"మేమే," అన్నాను.

ఆయన గదంతా ఒకసారి చూశాడు. ఫ్యాను తల తిప్పింది.

"సాంచా అంటే మంచం కాదు మేడం, ఇయ్యాల గీడ రేపు గాడ ఏసుకునుడుకు. సిమెంటుల బిగిచ్చినం. పీకినంక మల్ల సాంచా అయితదో పాత ఇనుము అయితదో నాకే ఎరుకలేదు."

"ఇంకో షెడ్డు దొరకదా?"

"షెడ్డు దొరుకుతది. సాంచాలకిచ్చే సబ్సిడీ కరెంటు మీటరు దొరకది. లేకుంటె మహారాష్ట్రల భివండి పోవాలె, ఇంకొకల సాంచా మీద కూలికి."

పాత ఇనుము అన్న మాట ఆయన మామూలుగానే అన్నాడు. అట్లా తూకానికి పోయిన సాంచాలు ఆ ఊళ్లో చూసే ఉంటాడు. వకీల్ సాబ్ ఆయన్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, చాయ్ తెప్పించి, పిల్లలేం చదువుతుండ్రు, అవ్వ బాపు మంచిగున్నరా అని మొదలుపెట్టారు. నేను బయటికి వెళ్లి ఆ బ్రాంచి మేనేజరుకు ఫోన్ చేశాను.

"ఆ షెడ్డులో సాంచాలున్న సంగతి మీకు తెలుసా?"

"ఎందుకు తెలువది మేడం. నాలుగున్నయి."

"మరి లేరు అని ఎందుకు నొక్కారు?"

"ఉన్నరు అంటే సార్‌కు పోతది గద."

"పోవాలనే కదా పెట్టింది."

"గుండె ఆపరేషన్ అయిన మనిషి మేడం. గింత దానికి సార్‌ను పరేషాన్ చేసుడు మంచిగుంటదా? ఓనరు ఖాళీ చేపిస్త అన్నడు. తెలువది అని కొట్టినా సార్‌కే పాయె. ఇగ మిగిలింది గదొక్కటే."

"మిగతా బ్రాంచీలవాళ్లు?"

"అందరం గదే అనుకున్నం. చెన్నూరు బ్రాంచాయన గూడ. ఎవ్వలం సార్‌కు తక్లీఫ్ ఇయ్యద్దని."

మోసం చేసి ఉంటే తిట్టేదాన్ని. మర్యాద చేసినవాళ్లను ఎట్లా తిట్టాలో లా కాలేజీలో చెప్పలేదు.

మర్నాడు వకీల్ సాబ్, నేను ఆ ఊరికి పోయాం. షెడ్డు ఇంకా కనబడకముందే చప్పుడు మొదలైంది. ముందు సగం ఖాళీగా, కంపెనీ బస్తాల కోసం ఊడ్చి పెట్టి ఉంది. వెనక నాలుగు సాంచాలూ ఒకదాని మాట ఒకటి విననట్టు కొట్టుకుంటున్నాయి. వకీల్ సాబ్ కారు దిగి ఆ చప్పుడు వైపు చెవి పెట్టారు.

"గీడ నిలవడి ఒక్క ఫోన్ చేసుంటే నాకే ఇనవడుతుండె బేటా. అడిగే పనే లేకుండె," అన్నారు.

లోపల ఆసామి భార్య నూలు కండెలు చుడుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపకుండానే, "మీరిద్దరేనా లీగలోల్లు? శానమంది ఉంటరనుకున్న," అంది.

వెనక సగం వదిలేసి ముందు సగానికే ఒప్పందం మార్చమని పెద్దాఫీసుకు రాశాం. దీనికి న్యాయ విభాగం ఆమోదం ఉంది, మార్చడానికి కారణం కనిపించడం లేదని జవాబు వచ్చింది. న్యాయ విభాగం అంటే మేమేనని, మేం ఆమోదించలేదని మళ్లీ రాశాం. సిస్టంలో పచ్చగా చూపిస్తోందని రాశారు. ఆ పచ్చ రంగు ఎంచింది నేనే. కంటికి హాయిగా ఉంటుందని.

అప్పుడు వకీల్ సాబ్ మళ్లీ ఆ ఊరు పోయారు, నన్ను వెంటబెట్టుకుని. షెడ్డు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఓనరును, బ్రాంచి మేనేజరును, ఆసామిని కూర్చోబెట్టారు. వానల సంగతి, మోకాళ్ల సంగతి అయ్యాయి. ఆ తర్వాత ఆసామిని అడిగారు.

"సాంచాల మీద బీంలు ఉన్నయా?"

"నాలుగింటికీ ఉన్నయి సాబ్." పడుగు నూలు చుట్టి సాంచాకు ఎక్కించే పెద్ద దిమ్మను బీం అంటారు.

"నూలు ఎవలిది?"

"సేటుది. ఆయన నూలిస్తడు, మేం మీటరు లెక్కన కూలికి నేస్తం."

వకీల్ సాబ్ మేనేజరు వైపు తిరిగారు. "చూడు, నడుమల సాంచా పీకితే సేటు నూలు కరాబైతది, అది కంపెనీ మీదికి వస్తది. నూలంత అయిపోయి బీంలు ఒడిసినంక ఈయన ఖాళీ చేస్తడు. అందాక మన బస్తాలు ముందట ఏసుకుందాం."

"సార్, పెద్దాఫీసోల్లు..."

"నాకు కాదని చెప్తవా?"

మేనేజరు గ్లాసులోకి చూశాడు. "మీకెట్ల కాదంట సార్."

ఓనరు కూడా కాదనలేదు. ఏ మర్యాద వల్ల ఆ ఇంటి మీదికి కష్టం వచ్చిందో అదే మర్యాద కొన్నాళ్లు గడువిచ్చింది. కాగితం రాయలేదు. రాస్తే సిస్టంలో ఎక్కించాలి.

తిరిగొచ్చాక నేను ఒక కొత్త పెట్టె చేర్చాను: షెడ్డు దగ్గర నిలబడి సార్‌కు ఫోన్ చేశాను. అక్కడ అవునని నొక్కనిదే ఒప్పందం రాదు. అందరూ అవునని నొక్కుతూ పోయారు. ఫోను మాత్రం మోగలేదు.

మోగింది వానలు బాగా పడ్డాక. ఆ ఊరి బ్రాంచి మేనేజరే.

"మేడం, గా బీంలు ఇంక ఒడుస్తలేవు. పెద్దాఫీసోల్లు ఫోటోలు అడుగుతుండ్రు. ఎన్ని రోజులని షెడ్డు ముందటి సగం ఫోటోనే పంపాలె?"

వకీల్ సాబ్ చెయ్యి చాపి ఫోను తీసుకున్నారు. "యాడున్నవు? షెడ్డు కాడికి పోయి చెయ్."

కాసేపటికి చేశాడు. వకీల్ సాబ్ స్పీకరు పెట్టారు. ముందు రేకుల మీద వాన. దాని కింద సాంచా చప్పుడు.

"నడుస్తున్నది గద?"

"నడుస్తున్నది సార్."

"అంటే బీం ఉన్నది."

"ఉన్నది సార్."

"మరి ఫికర్ ఎందుకు. పిల్ల కాలేజీల చేరిందా?"

మేనేజరు పిల్ల గురించి చెబుతున్నాడు. నేను వెనక చప్పుడు వింటున్నాను. నాలుగు సాంచాలు ఎట్లా వినబడతాయో ఆ రోజు విన్నాను. ఇది ఒక్కటే. ఒక బీం ఒడిసేదాకా మిగతా మూడింటినీ ఆపుకుని, కూలీలను పంపేసి, ఆయన ఒక్కడే నేస్తున్నట్టుంది. కూలి మీటరు లెక్కన. గుడ్డ ఎంత నెమ్మదిగా దిగితే అంత ఎక్కువ రోజులు షెడ్డు ఆయనది, ఆ రోజులన్నీ ఇంట్లో గింజలు తక్కువ.

వకీల్ సాబ్‌కు కూడా వినబడే ఉంటుంది. మేనేజరు మాట అయిపోయినా, వాన జోరు పెరిగినా, ఆయన ఫోను పెట్టలేదు.