ఇంగ్లీషులో చెప్పిన పద్నాలుగు రోజులు

ఆ రోజుల్లో సుమారు, దరిదాపు, అటూ ఇటూ లాంటి మాటలు చదువురాని వాళ్లవని నా గట్టి నమ్మకం. ప్రొద్దుటూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరుని. సిమెంటు ఎన్ని మూటలని అడిగితే ‘బాల్‌పార్క్ ఫిగర్’ చెప్పేవాణ్ణి, ఇసుక ఎన్ని ట్రాక్టర్లంటే ‘గివ్ ఆర్ టేక్’ తగిలించేవాణ్ణి. (ఇంటర్వ్యూల్లో నోరు పెగలని ఇంగ్లీషంతా పాపం పనివాళ్ల మీద తీర్చుకున్నాను.) జమ్మలమడుగులో ఒక ఇంటికి వరండా స్లాబు పోశాక, కింద నిలబెట్టిన కర్రలు ఎప్పుడు తీయాలని వాట్సాప్ గ్రూపులో అడిగారు. ‘రూల్ ఆఫ్ థంబ్, పద్నాలుగు రోజులు’ అని పెట్టాను. మా పనుల్లో ఒక ఆచారముంది. తెలుగులో చెప్పినదానికి ఎదురు చెప్పొచ్చు, ఇంగ్లీషులో వచ్చిందంటే ఆర్డరే.

ఆ పద్నాలుగు రోజులూ ఒకటే ముసురు. చివరి రోజు నేను పులివెందులలో ఇంకో ఇంటి పని చూస్తుండగా పెద్దమేస్త్రి ఫోన్ చేశాడు. స్లాబుని సుత్తితో తట్టి, శబ్దం విని, ఆరిందో లేదో చెప్పే మనిషి ఆయన.

“సార్, తట్టి చూసినా. ఇంగా పచ్చిగానే పలుకుతాంది. కర్రలు బాడుగకిచ్చిన సెంట్రింగాయప్ప అవి ఇంగోచోటికి కావాలని కూచోనుండాడు, నీ మెసేజీ చూపిస్తాండాడు. ఏం చేద్దాం?”

నా పక్కనే ఆ ఇంటి యజమాని నిలబడి వింటున్నాడు. ఆయన ముందు మేస్త్రి చెవికి విలువిస్తే నా డిగ్రీ చిన్నబోదూ! “చెప్పాను కదా మేస్త్రీ, రూల్ ఆఫ్ థంబ్ అని,” అని విసుక్కున్నాను.

“సరే సార్,” అన్నాడు.

గంటలో స్లాబు కూలింది. మేస్త్రి కూలీలందర్నీ బయటికి పంపి, చివరి కర్రలు తానే తీశాడట. ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

“ఆ ఇంగ్లీషు మాటకు అర్థమేంది సార్?”

“సుమారుగా అని.”

“అంతేనా? ఆ మాటే అనింటే నా చెవిని నమ్మింటి కదప్పా.”

కాలు తీసేశారు. ఆయన మళ్లీ ఏ స్లాబూ ఎక్కలేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆ ఇరవై మూడేళ్ల ఇంజనీరు నాకిప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఒకప్పుడు వాడి చెంప పగలగొట్టాలనిపించేది. ఇప్పుడు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, “తెలుగొచ్చా నాయనా?” అని అడగాలనిపిస్తుంది. నవ్వొస్తుంది, ఎక్కువసేపు నిలవదు.