పూలదిమ్మలో నల్లచీమ

ఆమెను వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. కట్టుడు పళ్ళు తయారుచేసే చోట సగం జీవితం గడిపింది మరి. ఎదుటివాళ్ళు నవ్వితే ఆమె ముందు పళ్ళు చూస్తుంది, మొహం తర్వాత. యజమాని పెద్దవాడైపోయి ఆ చోటు మూసేశాక, తన చిన్న డ్రిల్లూ, మెరుగుపెట్టే చక్రమూ, తలకు తగిలించుకునే భూతద్దమూ సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేసింది.

"ఇంక హాయిగా కూర్చోవే" అన్నాడు బస్సు డ్రైవరైన మొగుడు.

కూర్చుంది. వారం తిరిగేసరికి తలుపు కిర్రుమనడం దగ్గర్నుంచి కుక్కరు పిడి దాకా ఆ ఇంట్లో బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే అక్క కూతురి పెళ్ళి జరిగింది. చేతిలో పట్టుకున్న పూలగుత్తి మర్నాటికే వాడిపోతోందని పిల్ల బిక్కమొహం పెడితే, "ఇలా తేవే, నేను చూసుకుంటా" అని పళ్ళక్క లాక్కొచ్చింది. కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోసే ముద్ద ఆమె దగ్గర మిగిలి ఉంది. అందులోనే పూలను పోతపోసింది. వేడికి పూలు ఉడికిపోయాయి. ముద్దకు చిగుళ్ళ రంగు ఉండనే ఉంది.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి పూలేనటే? ఎవరి నోట్లోంచో ఊడిపడ్డట్టున్నాయే!"

పళ్ళక్కకు ఉక్రోషం ముంచుకొచ్చింది. ఆ ఉక్రోషంలోనే అసలు పని నేర్చుకుంది. పూలను ముందు తేమ పీల్చే గుళికల్లో కప్పెట్టి గలగలమనేలా ఎండబెట్టాలి. తర్వాత వాటిని అచ్చులో పెట్టి, అద్దంలా గట్టిపడే రెజిన్‌ను పల్చగా, పొర ఆరాక పొర పోసుకుంటూ వస్తే పూలదిమ్మ తయారవుతుంది. తొందరపడి ఒక్కసారే గుమ్మరిస్తే తనలో తానే కాగిపోయి పసుపురంగుకు తిరుగుతుంది, లోపల బుడగలు నిలిచిపోతాయి. ఆ గుళికలు అచ్చం పంచదారలా ఉంటాయి. మొగుడు ఒకరోజు కాఫీలో కలుపుకోబోయాడు.

"వేసుకోండి, మీరూ వాడిపోకుండా నిలవుంటారు" అంటూ చెంచా లాగేసుకుంది.

ఒకరి నోటా ఒకరి నోటా పాకి పెళ్ళిపూలు ఇంటికి రావడం మొదలైంది. అలా వచ్చిందే లెక్కల టీచరమ్మ పూలగుత్తి: ఎర్రగులాబీలు, మధ్యమధ్య తెల్లచామంతులు. టీచరమ్మ పెళ్ళయిన సాయంత్రమే ఆమె పిన్ని తెచ్చి ఇచ్చింది. పళ్ళక్క వెంటనే పూలను గుళికల డబ్బాలో పెట్టి మూత బిగించింది. అన్నీ పద్ధతిగానే జరిగాయి. దిమ్మ తయారై, మెరుగు కూడా పట్టాక, చివరిసారిగా భూతద్దం పెట్టుకుని చూసింది.

గులాబీ పక్కన నల్లచీమ ఒకటి కాళ్ళు చాపుకుని దర్జాగా ఉంది. ఏ రేకు మడతలో దాక్కుందో, రెజిన్ పోసినప్పుడు పైకి తేలివచ్చినట్టుంది.

పళ్ళక్క డ్రిల్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ పక్కన పెట్టేసింది. తొలిచి తీద్దామంటే గులాబీ సగం పోతుంది.

"చీమే కదే, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మొగుడు.

"నేను చూశానుగా!" అని కసిరి, టీచరమ్మకు ఫోన్ చేసింది. "అమ్మాయ్, చిన్న పొరపాటు జరిగింది. వచ్చి నీ కళ్ళతో చూసుకో. నచ్చకపోతే వద్దని చెప్పు, ఏమీ అనుకోను."

టీచరమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతను లిఫ్టులు బాగుచేసే కుర్రాడు. దిమ్మను కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడో లేదో, కుర్చీలోంచి గెంతాడు.

"ఇదే! చెప్పానా లేదా? చీమే అని చెప్పానా లేదా?"

టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వు ఆగాక సంగతి చెప్పింది. పెళ్ళిలో అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకున్న క్షణాన పెళ్ళికొడుకు మొహం చేదుమందు తాగినవాడిలా ముడుచుకుపోయింది. ఫొటోల్లో కూడా అలాగే పడింది. కాలరులో చీమ కుట్టిందని అతను మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. ముఖ్యంగా ఆమె నాన్న. కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. 'మా అమ్మాయి చెయ్యి పట్టుకోవడం అంత కష్టంగా ఉందా ఇతనికి?' అని మనసులో పెట్టేసుకున్నాడు. అప్పట్నుంచీ అల్లుడితో ముక్తసరి మాటలే.

"పూలలో ఇంకా చీమలు ఉన్నాయన్నమాట!" అన్నాడు కుర్రాడు, దిమ్మను గుండెకు హత్తుకుని.

"ఆగు నాయనా. అది మా వంటింటి చీమేమో, ఎవరికి తెలుసు?" అంది పళ్ళక్క.

"అక్కా, మీకు దణ్ణం పెడతాను. మా మామగారు వచ్చి చూసేదాకా ఇది మీ దగ్గరే ఉంచండి, ఆ ముక్క మాత్రం ఆయన దగ్గర అనకండి."

మామగారు ఆ ఆదివారం స్వయంగా దిగాడు. భూతద్దం అడిగి తీసుకుని, పాత కాగితం మీద సంతకం పోల్చి చూసేవాడిలా చీమను చాలాసేపు చూశాడు.

"ఇది పెళ్ళిలోదేనా అమ్మా?"

తలుపు దగ్గర నిలబడ్డ అల్లుడు పళ్ళక్క వైపు చేతులు జోడించాడు. అబద్ధం చెప్పడం పళ్ళక్కకు చేతకాలేదు.

"అది నేను చెప్పలేనండీ. పూలు వచ్చిన సాయంత్రమే డబ్బాలో పెట్టి మూత బిగించాను. అంతవరకే నాకు తెలుసు."

పెద్దాయన భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. పెదవుల చివర నవ్వు కదిలింది.

"చాలమ్మా. ఇంతకంటే తక్కువ సాక్ష్యంతో తేలిపోయిన కేసులు బోలెడు చూశాను." అల్లుడి వైపు తిరిగాడు. "కుట్టినప్పుడు గోక్కోవచ్చు కదయ్యా?"

"మీరు ముందు వరసలోనే కూర్చున్నారు కదా మామగారూ! భయమేసింది."

ఆయన పకపకా నవ్వేశాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "పద, టీ తాగుదాం" అన్నాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగిపోయారు. దిమ్మ బల్లమీదే ఉండిపోయింది. టీచరమ్మ మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

వాళ్ళ ముందుగదిలో ఆ దిమ్మను చూసిన వాళ్ళంతా పూలకంటే ముందు చీమనే వెతుకుతున్నారట. మొన్నొక కొత్త పెళ్ళికూతురు పళ్ళక్క ఇంటికి వచ్చి, "మా దాంట్లో కూడా ఒక చీమ పెడతారా ఆంటీ?" అని అడిగింది.

"నేను పెట్టనమ్మా. దానంతటది వస్తే మాత్రం ఆపను" అని చెప్పి, పళ్ళక్క ఆ పిల్ల తెచ్చిన తెల్ల లిల్లీలను ఒక్కొక్కటే గుళికల్లో పడుకోబెట్టసాగింది.