క్వార్టర్‌బ్యాక్ కోచ్‌తో రెండు సీజన్లు

దోహాలో ఎటు చూసినా క్రేన్లే కనిపించే రోజులవి. చమురు ధర పెరిగే కొద్దీ ఊరు సముద్రంలోకి జరుగుతోందని మావారు నవ్వేవారు. ఆయన గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే పొద్దుగూకాకే ఇంటికి రావడం. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాని ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో వెనకవైపు ముక్క మాది. కాకినాడలో లెక్కలు చెప్పిన అనుభవంతో నేను ఒక అమెరికన్ స్కూల్లో టీచరుగా చేరాను.

చేరిన రెండో ఏడు ప్రిన్సిపాల్ పిలిచి, "మీకు ఫుట్‌బాల్ తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. మా కాలేజీ గ్రౌండులో అన్నయ్య ఆడేవాడు, ఆ మాత్రం తెలియదా! ఆడపిల్లల జట్టు బయటికి వెళ్ళినప్పుడల్లా వెంట ఒక టీచరమ్మ ఉండాలట, ఆ పని నాకు అప్పగించారు. తీరా మైదానంలోకి వెళ్తే బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. కాలితో తన్నేవాళ్ళే లేరు. అందరూ చేత్తో పట్టుకుని పరిగెడుతున్నారు.

"ఇది మా అమెరికా ఫుట్‌బాల్‌కి చెల్లెలు," అన్నాడు కోచ్. "అసలు ఆటలో మనిషిని గుద్ది పడేస్తారు. ఇక్కడ నడుముకి కట్టిన గుడ్డ పీలిక లాగేస్తే చాలు, బంతి పట్టుకున్న అమ్మాయి ఆగిపోవాలి."

ఆయనకి యాభై దగ్గర పడుతున్నాయి. ఆరడుగులు దాటిన మనిషి. మెడ, తల ఒకే లావు. బంతిని అందుకుని నిలబడే అమ్మాయిని క్వార్టర్‌బ్యాక్ అంటారని, ఎవరు ఎటు పరిగెత్తాలో ముందే చెప్పేదీ, ఎదుటివాళ్ళు మీదికొచ్చేలోపు ఎవరికి విసరాలో తేల్చుకునేదీ ఆమేనని ఓపిగ్గా చెప్పాడు.

"పెళ్ళిలో వడ్డన చూసే పెద్దమనిషిలాగన్నమాట," అన్నాను. మా పెళ్ళిళ్ళ సంగతి వివరిస్తే చాలాసేపు నవ్వాడు. తనూ ఒకప్పుడు క్వార్టర్‌బ్యాకేనని చెప్పాడు.

ఆయన కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. టెక్సాస్‌లో ఒక చిన్న ఊరు. తండ్రి చమురు బావుల మీద పనిచేసేవాడు. శుక్రవారం సాయంత్రం దుకాణాలు మూసేసి ఊరు ఊరంతా స్కూలు జట్టు ఆట చూడ్డానికి వచ్చేదట. ఆ వయసులో క్వార్టర్‌బ్యాక్ అంటే వీధిలో ఎవరింటికి వెళ్ళినా భోజనం పెట్టి పంపేవాళ్ళట. తర్వాత యూనివర్సిటీ జట్టు, ఆ తర్వాత జీతానికి ఆడే జట్టు. అక్కడ మూడో క్వార్టర్‌బ్యాక్. అంటే ముందున్న ఇద్దరూ దెబ్బలు తగిలి పడిపోతే తప్ప, మైదానం గట్టు మీద హెల్మెట్ పట్టుకుని నిలబడడమే ఉద్యోగం. ఒక ఏడాది ఆ ఇద్దరూ నిజంగానే పడిపోయారు. ఆ ఒక్క ఏడాదీ తను ఆడిన ఆట గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

మరుసటేడు తలకి ఒక పెద్ద దెబ్బ. లేచి దులుపుకుని, వెళ్ళి ఎదుటి జట్టు వాళ్ళ మధ్యలో నిలబడ్డాడట, ఏం ఆడాలో చెబుతారని. దాన్ని ఆయన జోకులాగే చెప్పేవాడు. తర్వాత భుజం ఆపరేషనుతో ఆట అయిపోయింది, కోచింగ్ మొదలైంది. చాలా కాలేజీల్లో సహాయ కోచ్‌గా చేశాడు. జట్టు ఓడితే పెద్ద కోచ్‌ని తీసేస్తారు, ఆయనతోపాటు కింద ఉన్నవాళ్ళంతా పెట్టెలు సర్దుకోవాలి. అలా ఊళ్ళు మారి మారి భార్య విసిగిపోయి విడిపోయింది. "ఇక్కడ హాయి. ఓడినా ఎవరూ తీసెయ్యరు," అనేవాడు.

కానీ ఆయన హాయిగా లేడని ఆ చలికాలంలోనే నాకు అనుమానం వచ్చింది. ఒక పిల్లని ఇంకో పిల్ల పేరుతో పిలిచేవాడు. చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు. "ఇప్పుడే చెప్పారు కోచ్" అంటే కసురుకునేవాడు. అంతలోనే సిగ్గుపడి సారీ చెప్పేవాడు. బస్సు కదిలిందంటే చాలు, కిటికీకి తల ఆనించి పడుకునేవాడు. మా బస్సు డ్రైవరుది జగిత్యాల పక్కన పల్లె. ఆయన అద్దంలోంచి చూసి, "మేడం, గీ సార్ గురకకు నా ఇంజన్ ఆవాజ్ ఇనొస్తలేదు," అంటే పిల్లలందరూ మాట అర్థం కాకపోయినా నవ్వేవాళ్ళు.

ఒక శనివారం పొద్దున, ఆట గట్టిగా సాగుతున్న సమయంలో, కాసేపు ఆపమని కోచ్ టైమ్ అవుట్ అడిగాడు. పిల్లలు రొప్పుతూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. పిల్లల్లో ఒక్కొక్కరి ముఖంలోకే చూస్తున్నాడు, వీళ్ళంతా ఎవరన్నట్టు. మా క్వార్టర్‌బ్యాక్ పదో తరగతి చదివే లెబనాన్ అమ్మాయి. ఆ పిల్ల ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, మెల్లగా, "కోచ్, నిన్న నేర్పించిందే ఆడమంటారా?" అంది. ఆయన తల ఊపాడు. పిల్లలు వెళ్ళిపోయారు. ఆయన మాత్రం అక్కడే నిలబడిపోయాడు.

ఆట అయ్యాక అందరూ బస్సెక్కినా ఆయన ఎక్కలేదు.

"ఏమైంది మేడం, సార్ గట్ల నిలవడ్డడు? పానం మంచిగ లేదా?" అన్నాడు డ్రైవరు.

"కాసేపు ఆగన్నా, కనుక్కుని వస్తాను," అని దిగాను.

నేను వెళ్ళేసరికి మైదానం గోడ నీడలో ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. నేను అడక్కుండానే చెప్పాడు. యూనివర్సిటీలో తనకి బంతి అందించిన స్నేహితుడు ఒకడున్నాడట. తనకంటే ఏడాదే పెద్ద. ఇప్పుడు భార్యని గుర్తుపట్టలేడు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేడు. తలకి తగిలిన దెబ్బల వల్లేనని డాక్టర్లు చెప్పారు.

"వాణ్ణి చూడ్డానికి వెళ్ళే ధైర్యం కూడా నాకు లేకపోయింది," అన్నాడు. "నాకూ తక్కువ దెబ్బలు తగల్లేదు. ఇప్పుడు నా వంతు వచ్చింది."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"ఎందుకు? ఏం చెబుతారో నాకు తెలుసు."

నాకు జాలితోపాటు కోపం కూడా వచ్చింది. "పరీక్ష రాయకుండానే ఫెయిలయ్యానని ఏడ్చే పిల్లల్ని నేను రోజూ చూస్తుంటాను. మీరూ అలాగే ఉన్నారు," అన్నాను. అంత పెద్ద మనిషి తల వంచుకున్నాడు.

ఇంటికెళ్ళి మావారితో చెప్పాను. "పరాయివాడి విషయం. నువ్వెందుకు తల దూర్చడం?" అన్నారు. పడుకోబోయే ముందు ఆయనే, "పాపం, ఆస్పత్రికి వెంట వెళ్ళడానికైనా ఎవరున్నారు ఆయనకి? నేను సెలవు పెడతాలే, ముగ్గురం వెళ్దాం," అన్నారు.

కోచ్‌ని ఎలాగో ఒప్పించి తీసుకెళ్ళాం. నరాల డాక్టరు సూడాన్ దేశపు ఆవిడ. నిదానంగా మాట్లాడేది. కోచ్ కథంతా విని, తల స్కాన్ తీయించి, రక్తం తీయించి, జ్ఞాపకశక్తి చూసే ప్రశ్నలేవో చాలాసేపు అడిగింది. ఫలితాలు రావడానికి పట్టిన ఆ కొద్ది రోజులూ నాకే అన్నం సయించలేదు. ఆయన రోజూ మైదానానికి వచ్చేవాడు, పిల్లలకి బంతులు అందించేవాడు.

ఫలితాల రోజు డాక్టరు కాగితాలు పక్కన పెట్టి మొదట అడిగిన ప్రశ్నకి ముగ్గురం తెల్లబోయాం.

"మీరు నిద్రలో గురక పెడతారా?"

"తెలియదు. నేనొక్కణ్ణే ఉంటాను," అన్నాడు కోచ్.

"పెడతారండీ," అన్నాను నేను. "బస్సులో చూశాను. గట్టిగా గురక పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతారు. ఊపిరి కూడా ఆగినట్టుంటుంది. కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటారు."

డాక్టరు తల ఊపింది. స్కాన్‌లో భయపడాల్సిందేమీ కనిపించలేదంది. కానీ నిద్ర సంగతి తేల్చాలని ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టి, ఒంటికి తీగలు పెట్టి చూశారు. ఆయన నిద్రపోవడం లేదని తేలింది. కళ్ళు మూసుకుంటాడు, గురక పెడతాడు, కానీ ఊపిరి మాటిమాటికీ ఆగి, మెదడు మాటిమాటికీ లేచి కూర్చుంటోంది. ఏళ్ళ తరబడి అంతే. అలా ఉన్న మనిషికి మాటలు తట్టకపోవడం, పేర్లు మర్చిపోవడం, చిరాకు, అన్నీ మామూలేనని డాక్టరు చెప్పింది.

"ముందు ముందు ఏమవుతుందో నేను మాట ఇవ్వలేను. ఏటా వచ్చి చూపించుకోండి," అంది. "కానీ ఈ రోజు మీరు పడుతున్న బాధకి కారణం ఇది. దీనికి వైద్యం ఉంది."

"అంటే నాకు నిద్ర లేదు. అంతేనా?"

"ప్రస్తుతానికి అంతే."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని మావారు ఆయన వీపు మీద చెయ్యి వేశారు. తీరా చూస్తే నవ్వుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. బయటికి వచ్చాక ఎవరికీ ఇంటికి వెళ్ళాలనిపించలేదు. నజ్మా పేటలో మేము ఎప్పుడూ వెళ్ళే మనవాళ్ళ హోటల్‌కి కోచ్‌ని తీసుకెళ్ళాం. కొబ్బరి పచ్చడి ఎలా తినాలో తెలియక చెంచాతో పాయసంలా తినేసి, ఇంకా కావాలన్నాడు. మావారు సర్వరుని పిలిచి గిన్నెడు తెప్పించారు.

నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కుకి తొడుక్కునే గాలి మిషను ఒకటి ఇచ్చారు. మొదట్లో అది పెట్టుకుని పడుకోవడం నరకంగా ఉందన్నాడు. కొన్ని వారాలకి ఒక పొద్దున స్టాఫ్ రూములోకి గబగబా వచ్చి, "నాకు నిన్న కల వచ్చింది!" అన్నాడు. "ఎన్నేళ్ళయిందో కల వచ్చి."

"ఏం కల?"

"ఏమీ లేదు. మా అమ్మ కారు కడుగుతోంది. నేను గొట్టం పట్టుకున్నాను."

అంత ఆనందంగా కల చెప్పిన మనిషిని నేను చూడలేదు.

జట్టుకి ఆయన అంతా విప్పి చెప్పేశాడు. టైమ్ అవుట్‌లో తనకి మాట రాకపోవడం, భయం, ఆస్పత్రి, మిషను, ఏదీ దాచలేదు. "ఆ రోజు నేను మూగబోతే మీరే ఆడుకున్నారు. బాగా ఆడారు కూడా. నేను ఇన్నాళ్ళూ గట్టు మీద నుంచి కూడా క్వార్టర్‌బ్యాక్‌గానే ఉన్నాను. ఇక నుంచి ఆ పని ఈ అమ్మాయిది," అన్నాడు. లెబనాన్ పిల్ల ముఖం ఎర్రబడింది. సరేనంది.

వేసవి సెలవుల్లో ఆయన అమెరికా వెళ్ళి, ఆ స్నేహితుడి దగ్గర వారం రోజులుండి వచ్చాడు. అతను గుర్తుపట్టలేదట. "అయినా పక్కన కూర్చున్నాను. ఇద్దరం వరండాలో పుచ్చకాయ తిన్నాం. వాడి దగ్గర నేనున్నానని వాడి భార్య ఆ వారం మధ్యాహ్నాలు నిద్రపోయింది," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధే ఉంది, భయం లేదు.

రెండో సీజను ఆఖరి ఆటకి మావారు మొదటిసారి చూడ్డానికి వచ్చారు. ఆటలో ఓనమాలు కూడా తెలియవు. కోచ్ ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కేకలు లేవు, అరుపులు లేవు. పిల్లలు గుంపుగా తలలు ఆనించి ఏదో అనుకుని విడిపోయేవాళ్ళు. చివర్లో మేము వెనకబడి ఉన్నాం. మా క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని అటూ ఇటూ చూసింది. మీదికి ఇద్దరు వస్తున్నారు. ఆ పిల్ల తొందరపడలేదు. ఒక్కడుగు పక్కకి వేసి, దూరంగా మూలకి పరిగెడుతున్న పొట్టి పిల్లకి విసిరింది. బంతి ఆ పిల్ల చేతుల్లో పడింది.

"పరిగెత్తు తల్లీ, పరిగెత్తు!" అని మావారు కుర్చీలోంచి లేచి తెలుగులో అరిచారు. పిల్ల చివరి గీత దాటింది. గెలిచాం. మా పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

కోచ్ మావైపు తిరిగి, "ఆయన ఏమని అరిచారు?" అని అడిగాడు.

"పరిగెత్తమన్నారు."

"మంచి కోచింగ్," అని లేచి, పిల్లలకి నీళ్ళ సీసాలు తీసుకుని మైదానంలోకి నడిచాడు.